అప్‌డేట్: గడ్డం గీసుకున్నాక మొఖం బిర్రుగ అయితున్న సంగతి

పోయిన నెల అడిగింది నేనే. గడ్డం గీసుకున్నాక మొఖం బిర్రుగ పట్టేస్తుంది, మంట పెడుతుంది, ఏం మార్చాలె అని. సగం మంది బ్లేడు అన్నరు. కొత్తది ఏసిన, ఫరక్ రాలే.

అసలు దొంగ నీళ్లు. మాది నల్లగొండ, ఇంట్ల బోరు నీళ్లు. బకెట్టు అంచుకు తెల్లగ పొర కడతది. ఆ నీళ్లల్ల కాల్షియం సబ్బుతోని కలిసి, కరగని జిడ్డయి చర్మానికి అంటుకుంటదంట. ఒకాయన చెప్పినట్టు తాగే క్యాన్ నీళ్లు ఒక గ్లాసెడు గోరువెచ్చగ చేసి బ్రష్షు తిప్పిన. నురుగు గడ్డపెరుగు లెక్క వచ్చింది! మొఖం కడుగుడు గూడ వాటితోనే.

బిర్రు సగం పోయింది. మిగిలింది సబ్బుది. ఇన్నొద్దులు ఒంటిసబ్బుతోనే కానిచ్చేటోన్ని (నవ్వకుండ్రి). సబ్బు క్షారం, పీహెచ్ (ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత) 9, 10 దాక ఉంటది; చర్మానిది 5 చుట్టుపక్కల. షేవింగ్ సబ్బు గూడ క్షారమే గని, గ్లిజరిన్ ఉన్నది తెచ్చిన, రెండు నిమిషాలు నాననిస్తున్న. మంట లేదు.

పటిక మాత్రం మా నాయిన ఇడువనిస్తలేడు. మొఖమంత రుద్దితే మళ్ల బిర్రే, అందుకే తెగిన కాడనే అద్దుతున్న.