బార్బీ యానిమేషన్ సినిమాల్లో ఆరేళ్ల పిల్లకి ముందు ఏది చూపించాలి?

అందరికీ నమస్తే. మాది విజయనగరం. మా అక్క కూతురికి ఆరేళ్లు, ఈ మధ్యే డాన్సు క్లాసులో చేరింది, బార్బీ అంటే పిచ్చి. 2023లో హాళ్లకి వచ్చిన సినిమా సంగతి కాదండీ, అది చిన్నపిల్లలది కాదు. పాత యానిమేషన్ వాటి గురించే అడుగుతున్నా.

2001 నాటి నట్‌క్రాకర్, 2003 నాటి స్వాన్ లేక్ రెండింటికీ రష్యా సంగీతకారుడు చైకోవ్‌స్కీ బ్యాలే (పాశ్చాత్య నృత్య నాటకం) సంగీతమే ఆధారం. నిజం డాన్సర్ల కదలికలు పట్టి బొమ్మకి ఎక్కించారు. బొమ్మలు ఇప్పటి కళ్లకి పాతగా అనిపించొచ్చు గానీ అడుగులు మాత్రం అసలైనవి. అందుకే నాకు వాటి మీదే మనసు. చిక్కల్లా నట్‌క్రాకర్‌లో ఎలకల రాజు! మా గుంట బల్లిని చూస్తేనే మంచం ఎక్కేస్తుంది. చూసినవాళ్లు చెప్పండి, అంత భయపెడతాడా? లేకపోతే పాటలెక్కువున్న 2004 ప్రిన్సెస్ అండ్ ద పాపర్‌తో మొదలెట్టమంటారా?

ఫెయిరీటోపియా, మెర్మైడియా, మ్యాజిక్ ఆఫ్ ద రెయిన్‌బో ఒకే కథకి కొనసాగింపులు, అవి వరసలోనే చూపిస్తాను. తెలుగు మాటలతో ఏవైనా ఉన్నాయా? లేకపోతే హిందీ అయినా పర్లేదు. పగలు పిల్లని చూసుకునేది మా అమ్మే, ఇంగ్లీషైతే ఇద్దరికీ అర్థం కాదు.