ఎయిర్ టెంట్ తెల్లారేసరికి మెత్తబడుతోంది, పంక్చరేనా?

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఎయిర్ టెంట్ వేశాం (కర్రల బదులు గాలి నింపిన గొట్టాలు, అంటే బీమ్‌లు, నిలబెట్టే గుడారం). సాయంత్రం గేజ్‌లో 7 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) చూసి ఆపాను, తెల్లారి లేచేసరికి బీమ్‌లు వంగిపోయి ఉన్నాయి. మడవడం ఇంకో నరకం, మా ఆవిడ ఎక్కి కూర్చున్నా సంచి జిప్పు పడలేదు.

>> పంక్చర్ కాకపోవచ్చండీ. రాత్రి చలికి లోపలి గాలి చల్లబడితే ప్రెషర్ తగ్గుతుంది. పొద్దున నాలుగు పంపులు కొట్టండి, మధ్యాహ్నం ఎండ మండితే మాత్రం కాస్త వదలాలి.

>> వాల్వ్ మర లూజైందేమో, సబ్బు నీళ్లు రాసి చూడండి. మాకు చేత్తో బిగిస్తే సరిపోయింది.

>> మడత సంగతి: వాల్వులన్నీ తెరిచి, తలుపు జిప్పు కూడా కాస్త తీసి ఉంచండి, లేకపోతే లోపలి గాలి ఎటు పోతుంది? వాల్వులకు ఎదురు కొస నుంచి గట్టిగా చుట్టుకుంటూ రండి, మిగిలిన గాలిని పంపు గొట్టం డిఫ్లేట్ (గాలి లాగే) వైపు తగిలించి లాగేయండి. తడిగా ఉంటే ఇంటికెళ్లి ఆరబెట్టాల్సిందే, బూజు పడుతుంది.

>> థాంక్సండీ అందరికీ. సబ్బు నీళ్లు రాశా, మూడో బీమ్ వాల్వ్ దగ్గర బుడగలే బుడగలు!