1976 హెబియస్ కార్పస్ తీర్పు: ఆ నలుగురు జడ్జీలకు వేరే దారి ఉందా?

లా స్టూడెంట్, వరంగల్:
ఏడీఎం జబల్‌పూర్ కేసు చదివాను. ఎమర్జెన్సీలో మీసా (విచారణ లేకుండా నిర్బంధించే చట్టం) కింద లోపలేసినవాళ్లు హెబియస్ కార్పస్ (పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే) పిటిషన్లు వేస్తే, వినొచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో కుదరదంది. ఆ నలుగురిని తిట్టడం సబబు కాదనిపిస్తోంది. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21వ అధికరణ కింద కోర్టుకెళ్లే హక్కును 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వే ఆపేసింది. 359వ అధికరణ ఆ అధికారం ఇచ్చింది. ఉన్నదే చెప్పారు కదా?

గుంటూరు లాయరు:
తమ్ముడూ, అదే రాజ్యాంగం, అదే ఉత్తర్వు ఆ తొమ్మిది హైకోర్టుల ముందూ ఉన్నాయి. హక్కు అమలు ఆగితే ఆగింది. మీసా పేరు చెప్పి మనిషిని పట్టుకెళ్లిన అధికారి ఆ మీసానైనా పాటించాడా అని అడగొద్దా? ఒకడి బదులు ఇంకొకణ్ణి పట్టుకెళ్లినా కోర్టు నోరు మూసుకోవాలా? 21లో ప్రాణం కూడా ఉంది కదా, మీ వాదన దానికీ వర్తిస్తుందా అని ఆ నలుగురితో విభేదించిన ఐదో జడ్జి జస్టిస్ ఖన్నా అడిగితే, అన్యాయంగా ప్రాణం తీసినా కోర్టులు చేయగలిగిందేమీ లేదన్నారు అటార్నీ జనరల్ నిరేన్ డే. ఆ జవాబు విన్నాక కూడా నలుగురు ప్రభుత్వం వైపే నిలబడ్డారు.

రిటైర్డ్ టీచర్, విశాఖ:
డెటెన్యూలను (నిర్బంధంలో ఉన్నవాళ్లను) సర్కారు తల్లిలా చూసుకుంటోందన్నట్టు ఆ నలుగురిలో ఒకరైన జస్టిస్ బేగ్ ఆ తీర్పులోనే రాశారు. అప్పటికే కేరళలో రాజన్ అనే ఇంజినీరింగ్ విద్యార్థిని మార్చి 1న హాస్టల్ దగ్గర పట్టుకెళ్లి కక్కయం పోలీసు క్యాంపులో చంపేశారు. తండ్రి ఈచర వారియర్ హిందీ మేష్టారు. ఏడాదిపాటు మంత్రుల చుట్టూ, అధికారుల చుట్టూ తిరిగాడు. ఎమర్జెన్సీ ఎత్తేశాకే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయగలిగాడు. పిల్లాణ్ణి తెచ్చి చూపించమని కోర్టు ఆదేశించింది. శవం కూడా దొరకలేదు. నేనూ మేష్టారినే, ఆ తండ్రిని తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

లా స్టూడెంట్, వరంగల్:
మేష్టారూ, బాధ నాకూ ఉంది. కానీ 20, 21 అధికరణల అమలును ఆపకూడదని 1978లో 44వ సవరణ తేవాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఆపొచ్చనే కదా?

గుంటూరు లాయరు:
2017లో గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసినప్పుడు సవరణ వచ్చింది కాబట్టి అనలేదు. ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం పెట్టిన భిక్ష కాదని, 1976 తీర్పు మొదట్నుంచీ తప్పేనని అన్నారు. ఆ మాట రాసింది నలుగురిలో ఒకరైన చంద్రచూడ్ కొడుకే. ఇక దారి లేదంటావా, ఖన్నాకు దొరికింది కదా! దానికి 1977 జనవరిలో తనకు రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి పోగొట్టుకున్నారు. జూనియరైన బేగ్‌కి ఇచ్చారు. ఖన్నా రాజీనామా చేశారు.

లా స్టూడెంట్, వరంగల్:
ఒకడి బదులు ఇంకొకణ్ణి పట్టుకెళ్లడం గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. 359 మాటల మీద అనుమానం మాత్రం పోలేదు. ఖన్నా తీర్పు మొత్తం చదివి మళ్లీ రాస్తాను.