తాతల నాటి భోషాణం, పట్టెమంచం సొంతంగా బాగుచేసుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పరూ

గోదారిగట్టు:
అందరికీ నమస్తే అండీ. భీమవరం పక్కన మా అమ్మమ్మ వాళ్ళ మండువా ఇల్లు పడగొడుతున్నారు, అందులోంచి ఒక భోషాణం, ఒక పట్టెమంచం, నాలుగు దూలాల ముక్కలు హైదరాబాద్ తెచ్చుకున్నాను. భోషాణానికి ఎప్పుడెప్పటివో ఆకుపచ్చ ఎనామిల్ రంగులు నాలుగైదు పొరలున్నాయి, ఒక మూల పెచ్చు ఊడితే లోపల టేకు బంగారంలా కనబడుతోంది. కానీ అడుగున సన్నటి బెజ్జాలు, కింద నేలమీద తెల్లగా పొడి రాలుతోంది. మంచం పట్టెలు బానే ఉన్నాయి, కోళ్ళు, అంటే కాళ్ళు, మాత్రం ఊగుతున్నాయి. ఇక్కడ ఒక కార్పెంటర్‌ని పిలిస్తే గ్రైండర్ పెట్టి మొత్తం గీకేసి మెలమైన్ గ్లాసీ కొడతా, కొత్తదానిలా మెరుస్తుంది అన్నాడు, లేదంటే నాకే అమ్మేయండి అన్నాడు. నాకు మనసొప్పలేదు. సెలవుల్లో నేనే చేసుకుందాం అనుకుంటున్నాను, పనిముట్లు పెద్దగా లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? దూలాలతో డైనింగ్ టేబుల్ చేయించుకోవచ్చా?

వేపచెట్టు:
కిరోసిన్ పట్టించి ఎండలో పెట్టండి, పురుగు చచ్చిపోద్ది. మా ఊళ్ళో అందరూ అదే చేస్తారు.

చిత్రిక:
గోదారిగట్టు గారూ, ముందు ఆ గ్రైండర్ ఆలోచన పూర్తిగా వదిలేయండి, అమ్మే ఆలోచన కూడా. వేపచెట్టు గారూ, కిరోసిన్ తగిలిన పురుగు చస్తుందేమో గానీ అది ఆవిరైపోయాక చెక్కలో ఏమీ మిగలదు, లోపల గుడ్లుంటే మళ్ళీ మొదలు, పైగా ఆ జిడ్డు మీద తర్వాత పాలిష్ సరిగ్గా పట్టదు, ఫ్లాట్‌లో నిప్పు భయం ఉండనే ఉంది.

రంగు సంగతి తర్వాత, ముందు పురుగు సంగతి తేల్చుకోవాలి. మట్టి గూళ్ళు, మట్టి గీతలు కనబడితే చెద. గుండ్రటి సన్న బెజ్జాలు, మైదాపిండిలా మెత్తటి పొడి ఉంటే పుచ్చుపురుగు. మీరు చెప్పింది రెండోది. ఇప్పుడు అది బతికుందా లేదా అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే ఎప్పుడో తిని వెళ్ళిపోయిన బెజ్జాలు పాత సామాన్లకి మామూలే, రవాణాలో కుదిపినప్పుడు లోపల ఉండిపోయిన పాత పొడి కూడా రాలుతుంది. భోషాణం అడుగు బ్రష్‌తో శుభ్రంగా దులిపేసి, కింద నల్ల చార్ట్ పేపర్ పరిచి, రెండు వారాలు కదపకుండా వదిలేయండి. ఆ తర్వాత కూడా లేత రంగు పొడి కుప్పలుగా పడుతుంటే పురుగు పనిలో ఉన్నట్టే. ఇంకోటి, టేకులో చేవ భాగాన్ని, అంటే నడిమి గట్టి చెక్కని, ఈ పురుగు సాధారణంగా ముట్టుకోదు, అంచున ఉండే తెల్లచెక్కనే తింటుంది, కాబట్టి మీ భోషాణం గుల్ల అయిపోయిందేమో అని భయపడకండి. అడుగు పలకలు లేదా లోపలి బద్దలు వేరే నాసి చెక్కతో వేసి ఉండొచ్చు, పాత పనుల్లో కనబడని చోట అలా వేయడం ఉండేది. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి, దిగబడిపోతే ఆ బద్ద ఒక్కటే మార్చాలి.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ. పేపర్ పెట్టి చూశాను, ఒక మూలే మళ్ళీ పొడి పడింది, ఆ మూల బద్ద మెత్తగా ఉంది, మిగతా అంతా రాయిలా ఉంది. ఇప్పుడు మందు ఏది? ఇంట్లో చిన్న పిల్లలున్నారు.

చిత్రిక:
ఒక్క మూలే అయితే అదృష్టం. మెత్తబడ్డ బద్ద తీసి ఇంటి దగ్గర్లో లేకుండా పారేయండి, దాని కొలతకి పాత టేకు ముక్క వేయించండి, మీ దూలాల్లోంచే చిన్న ముక్క కోయిస్తే రంగూ వయసూ రెండూ కలుస్తాయి. చుట్టుపక్కల రంగు లేని పచ్చి చెక్క ఎక్కడుందో అక్కడ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపి వేడినీళ్ళలో కరిగించి బ్రష్‌తో రెండుమూడు సార్లు తడపండి, ఆరాక పైన తెల్లగా పేరుకుంటే తడిగుడ్డతో తుడిచేయండి. కనిపించే బెజ్జాల్లోకి చెక్కపురుగు మందు సిరంజితో ఎక్కించి, మొత్తాన్ని పాలిథిన్‌తో చుట్టేసి కొన్నాళ్ళు బాల్కనీలో ఉంచండి. డబ్బా మీద రాసిన కొలత దాటొద్దు. ఈ రంగుమీద మందు పోస్తే లోపలికి దిగదు, అందుకే పచ్చి చెక్క అని నొక్కి చెప్తున్నా. పిల్లల్ని అటు రానివ్వొద్దు.

ఇక రంగు. ఇది జాగ్రత్తగా చదవండి. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదన్న రూలు 2017 నవంబర్ 1 నుంచి మాత్రమే అమల్లోకి వచ్చింది. మీ భోషాణం మీద పొరలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందువి. దాన్ని గ్రైండర్‌తోనో ఉప్పుకాగితంతోనో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా ఎగురుతుంది, నేలమీద పాకే పిల్లల నోట్లోకి పోతుంది, సీసం పిల్లల మెదడుకి చేసే నష్టం వెనక్కి తీసుకోలేనిది. హీట్ గన్ కూడా వద్దు, వేడి ఎక్కువైతే సీసం పొగ వస్తుంది. కాస్టిక్ సోడా నీళ్ళు పోస్తే తొందరగా పోతుందని ఎవరైనా చెప్తారు, పోతుంది నిజమే, కానీ టేకు నల్లబడి పీచు లేస్తుంది, తర్వాత ఎంత చేసినా ఆ రంగు తిరిగి రాదు.

జెల్‌లా ఉండే పెయింట్ రిమూవర్ తెచ్చుకోండి. పూర్తిగా గాలి ఆడే చోట, టెర్రస్ మీద అయితే మంచిది, మందపాటి గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని మందంగా ఒకే వైపు పూయండి, అటూ ఇటూ రుద్దొద్దు. పైన పాలిథిన్ కప్పి అరగంట వదిలేస్తే రంగు బుడగలుగా లేస్తుంది. అప్పుడు చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన గీకుడుబద్దతో చెక్క నార వెంట లాగండి, ఇనుప బద్ద అయితే గాట్లు పడతాయి. నగిషీ ఉన్న చోట పాత టూత్ బ్రష్, కొబ్బరిపీచు. నాలుగైదు పొరలు కాబట్టి రెండు మూడు విడతలు పడుతుంది, ఓపిక కావాలి. వచ్చిన ముద్దని పాత న్యూస్ పేపర్లో చుట్టి విడిగా పారేయండి, కాలువలోకి కడగొద్దు. చివర్లో టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి. రంగు మొత్తం పోయాకే 180 నంబర్ కాగితం, తర్వాత 220, చేత్తో, చెక్కదిమ్మకి చుట్టి, నార వెంటే, తేలిగ్గా.

ఎందుకు తేలిగ్గా అంటున్నానంటే, భోషాణం మూత మీద చెయ్యి పెట్టి పక్క వెలుతురులో చూడండి. చెక్కని నునుపు చేసే చిత్రిక పనిముట్టు నడిచిన జాడలు సన్నగా అలల్లా తగులుతాయి, అంచుల దగ్గర తరతరాలుగా చేతులు తగిలి నునుపు తేలి ఉంటుంది, ఆ తేనెరంగు కూడా పైపైనే ఉంటుంది. గ్రైండర్ రెండు నిమిషాల్లో దాన్నంతా తీసేస్తుంది, అప్పుడు మిగిలేది షోరూమ్‌లో దొరికే చెక్కే. ఒకట్రెండు చోట్ల ఆకుపచ్చ మరక లోపలి గీతల్లో మిగిలిపోయినా ఉండనివ్వండి, నాకైతే అలా ఉంటేనే ఇష్టం.

గోదారిగట్టు:
మీరు చెప్పినట్టు మూత మీద తడిమి చూశానండీ, నిజంగానే ఆ జాడలు తగులుతున్నాయి! ఇన్నాళ్ళూ గమనించనే లేదు. ఇంకో రెండు సందేహాలు. ఇనుప పట్టీల చుట్టూ చెక్క నల్లగా ఉంది, అది పుచ్చా? పైన ఏ పాలిష్ వేయాలి? మంచం కోళ్ళ సంగతి కూడా.

చిత్రిక:
ఆ నలుపు పుచ్చు కాదు. తడి తగిలినప్పుడు ఇనుమూ చెక్కలోని వగరూ కలిసి అలా నల్లబడుతుంది. పట్టీలు తీయగలిగితే తీసి తుప్పు వైర్ బ్రష్‌తో దులిపి, వెనకవైపు మైనం పూసి బిగించండి. మరీ బాధగా అనిపిస్తే ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళతో మరక తగ్గుతుంది, అది విషం, పొడిగా ఉన్నప్పుడు పీల్చకూడదు, తర్వాత నీళ్ళతో బాగా తుడవాలి. ఇత్తడి బుడిపెలు, గొళ్ళెం మాత్రం విప్పి చింతపండు, ఉప్పుతో తోమండి, చెక్క మీద ఉండగా తోమితే పులుపు నీళ్ళు చుట్టూ మరక పెడతాయి.

పాలిష్‌కి నా ఓటు లక్క పాలిష్. లీటరు మిథైలేటెడ్ స్పిరిట్‌లో 150 నుంచి 200 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, పాత ధోవతి గుడ్డలో వడగట్టి, దూదికి పల్చటి నూలుగుడ్డ చుట్టిన పొట్లంతో చాలా పల్చగా పూతలు వేసుకుంటూ పోవాలి. ఎండాకాలం, చలికాలం బాగుంటుంది, ముసురు పట్టిన రోజుల్లో వేస్తే తేమకి పాలలా తెల్లబడిపోతుంది. దీని గొప్ప ఏంటంటే, పదేళ్ళ తర్వాత గీతలు పడినా కొత్త పూత పాతదాన్ని కరిగించుకుని కలిసిపోతుంది, గీకాల్సిన పనే ఉండదు. మెలమైన్, పీయూ (పాలియురెథేన్) పాలిష్‌లు అలా కాదు, ఒకసారి పగిలి లేస్తే మొత్తం గీకాల్సిందే. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది, వేడి గిన్నె పెడితే మచ్చ, కాబట్టి భోషాణానికి సరే గానీ డైనింగ్ టేబుల్‌కి వద్దు.

మంచం కోళ్ళనీ పట్టెల్నీ కలిపే చోట జిగురు, మేకులు, ఎల్ పట్టీలు ఏమీ వద్దు. కోడులో బెజ్జం, అందులో దూరే పట్టె చివరి కొస, అంటే కుసి, రెండూ అరిగి సందు వచ్చి ఉంటుంది. కుసి బుగ్గలకి పల్చటి టేకు రేకు ఫెవికాల్‌తో అతికించి, టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరాక ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్దుతూ బెజ్జంలో బిగుతుగా దిగేదాకా సరిచేయండి. కుసిని బెజ్జంలో మాత్రం అతికించొద్దు, మంచం ఎప్పుడైనా విప్పుకునేలా ఉండాలి. తర్వాత కొత్త నూలు నవారు లాగి బిగిస్తే నాలుగు పట్టెలూ లోపలికి గుంజబడి సగం ఊగుడు అక్కడే పోతుంది.

కరీంనగర్ కట్టె:
అక్కా, దూలాలతోని టేబుల్ మస్తుగ అయితది, గని సామిల్లుకు తీస్కపోయే ముందట మంచి మాగ్నెట్‌తోని నాలుగు దిక్కుల చూడు. పాత దూలంల ఇర్గిన మేకులు, ఉయ్యాల కొండీల ముక్కలు లోపల్నే ఉంటయి, బ్లేడుకు తాకితే బ్లేడూ పోతది, మనిషికీ దెబ్బ తాకుతది. మేకులు తియ్యకుంట చాలామంది సామిల్లోళ్ళు అస్సలు ముట్టరు. కోసినంక పలకలను వెంటనే బిగియ్యకు, మధ్యల సన్న బద్దలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి నీడకు ఆరనియ్యి. భీమవరం తేమల ఉన్న కట్టె హైదరాబాద్ ఎండకు, ఏసీకి గుంజుకుంటది.

ఇంకో ముచ్చట, మూడు ఫీట్ల వెడల్పు టేబుల్ పై పలక సీజన్‌ను బట్టి నాలుగైదు మిల్లీమీటర్లు అటు ఇటు కదులుతది. కింద ఫ్రేముకు గట్టిగ స్క్రూలు కొట్టేస్తే ఎండాకాలం పడంగనే పలక నడుమ పగులుతది. ఫ్రేముల స్క్రూ బొక్కలు గుండ్రంగ కాకుంట పొడుగ్గ చెయ్యిమను, వాషర్ వేసి బిగియ్యమను, కదిలేటందుకు జాగ ఉంటది. పైన కాచిన అవిసె నూనె పల్చగ రుద్ది, పావుగంట ఆగి మిగిలింది తుడిచెయ్యి, దినం దినం ఇడిచి నాలుగైదు పూతలు. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండ చుట్టి మూలకు పడెయ్యకు అక్కా, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి, నిజంగ అంటుకుంటయి. నీళ్ళల్ల తడిపి బయట పరిచి ఆరేసినంకనే పారెయ్యి.

గోదారిగట్టు:
అన్నా, గుడ్డల సంగతి అస్సలు తెలీదు, చెప్పి చాలా మంచి పని చేశారు. చివరగా ఒక్కటి. భోషాణం లోపలి అరలకి చెక్క బుడిపెలు రెండు పోయాయి. అలాంటివి ఎక్కడ దొరుకుతాయి?

వేపచెట్టు:
ఇది నేను చెప్పగలనండీ, మాది అనకాపల్లి వైపే. లక్క బొమ్మలకి పేరున్న ఏటికొప్పాక కళాకారుల్ని అడగండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూనే లక్క కర్ర ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది, రంగులు కూడా చెట్ల నుంచీ గింజల నుంచీ తీసినవే. మిగిలి ఉన్న బుడిపె ఒకటి శాంపిల్‌గా పంపితే అదే కొలతకి చేసిస్తారు. రంగు లేకుండా ఉత్త లక్క మెరుపుతో చేయమనండి, మీ పాలిష్‌తో కలిసిపోతుంది. బుడిపె కాడ మందం, పొడవు విడిగా కాగితం మీద గీసి పంపండి, లేదంటే బెజ్జానికి సరిపోదు.

చిత్రిక:
మంచి మాట చెప్పారు. గోదారిగట్టు గారూ, కొత్త ఇంట్లో భోషాణాన్ని గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళు ఎడం ఉంచండి, కాళ్ళ కింద రాతి బిళ్ళలు వేయండి, చెద కింద నుంచే కదా ఎక్కేది. రిమూవర్ మొదటి విడత అయ్యాక ఫోటో పెట్టండి, కింద చెక్క చూశాక ఇంకేమైనా మార్చాలంటే అప్పుడు చెప్తా.