లవ్‌లేస్ పెంగ్విన్ వేషానికి పసుపు ఈకలు నిలబడట్లేదు

అనంతపురంలో మా అపార్ట్‌మెంట్ పిల్లలు 2006లో వచ్చిన 'హ్యాపీ ఫీట్' యానిమేషన్ సినిమాలోని పెంగ్విన్ల డ్యాన్స్ వేస్తున్నారు. రామోన్ ముఠా వేషాలు తేలిగ్గానే అయిపోయాయి. వాళ్లు అడెలీ పెంగ్విన్లు కాబట్టి నల్ల టోపీ, కంటి చుట్టూ తెల్ల రంగు గీస్తే చాలు. చిక్కంతా లవ్‌లేస్‌తోనే. అతను రాక్‌హాపర్ జాతి, కనుబొమల మీంచి రెండు పక్కలా పసుపు ఈకలు లేచి ఉండాలి. అవి లేకపోతే ఎవరూ గుర్తుపట్టరు. (మెడలో ఇరుక్కున్న ప్లాస్టిక్ రింగులు మాత్రం భలే కుదిరాయి.)

పసుపు ఉన్ని కుట్టి చూశాం, వేలాడిపోతోంది. ఫోమ్ షీటు సన్నగా కత్తిరించి గ్లూ గన్‌తో టోపీకి అతికిస్తే నిలబడింది గానీ, మధ్యాహ్నం మిద్దె మీద రిహార్సల్లో పాట సగమైనా కాకముందే ఎండకు జిగురు పట్టు వదిలేసింది. లోపల ఇనుప తీగ పెట్టొచ్చు, కానీ వేసేది ఏడేళ్ల పిల్లోడు, గెంతేటప్పుడు కంట్లో గుచ్చుకుంటుందని వాళ్లమ్మ ఒప్పుకోవట్లేదు. ఆమె మాటే కరెక్టు.

ఈకలు జానెడు పొడవుండాలి, పాట నాలుగు నిమిషాలు, స్టేజీ ఆరుబయటే.

తీగ లేకుండా, ఎండకు ఊడకుండా నిలబడేలా ఈ ఈకలను దేంతో చేసి టోపీకి ఎలా బిగించాలి?