లద్దాఖ్‌లో సో కార్ సరస్సు ఉప్పగా, పక్కనే ఉన్న సరస్సు చప్పగా ఎందుకు?

లంకబ్బాయి (రాజోలు):
జులైలో ఫ్రెండ్స్‌తో లేహ్ వెళ్తున్నామండి. మ్యాపులో సో కార్ అనే ఉప్పు సరస్సు, దానికి దక్షిణంగా స్టార్ట్సాపుక్ సో అనే మంచినీటి సరస్సు కనిపించాయి. మధ్యలో చిన్న వాగు, అంతే. మన దగ్గరంటే పోటుకి ఉప్పునీళ్లు వశిష్ఠలోకి ఎక్కుతాయి. 4,500 మీటర్ల ఎత్తులో ఉప్పెక్కడిది? ఒకటి చూస్తే చాలదా?

రొయ్యలరైతు (కాట్రేనికోన):
చాలదండి, రెండూ చూడాలి. స్టార్ట్సాపుక్‌లోకి వచ్చిన నీళ్లు ఆ వాగు గుండా సో కార్‌లోకి పోతాయి, అందుకే అందులో ఉప్పు నిలవదు. సో కార్‌కి మాత్రం బయటికి దారి లేదు. రాళ్ల నుంచి కరిగొచ్చిన లవణాలన్నీ అక్కడే ఉండిపోతాయి, నీళ్లొక్కటే ఆవిరవుతాయి. మే నెలలో కొత్త నీళ్లు పెట్టని మన చెరువులో సెలైనిటీ ఎక్కిపోదూ, అలాగన్నమాట. పైగా హిమాలయాలు మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి అక్కడ వాన బహు తక్కువ.

గట్టున తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. బూటు వేస్తే పటుక్కున విరిగి, కింద బురదలోకి దిగబడుతుంది. నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు పట్టుకెళ్లనందుకు భలే బాధేసింది (మా ఆవిడ వద్దంది లెండి). చుట్టూ గుట్టల మీద పాత గట్ల చారలు చూడండి, ఒకప్పుడు నీళ్లు అంత ఎత్తున ఉండేవి. చాంగ్‌పా పశువుల కాపరులు ఇక్కడి ఉప్పు తీసి టిబెట్ దాకా తీసుకెళ్లి అమ్మేవారు.

పిట్టలపిచ్చి (కోరింగ):
నాకైతే ఉప్పు కంటే పిట్టలే ముఖ్యం. మంచినీటి వైపు చిత్తడిలో నల్లమెడ క్రేన్లు గూడు పెడతాయి. కియాంగ్ అనే అడవి గాడిదలు మైదానంలో మేస్తుంటాయి. 2002లో మన కొల్లేరుకి వచ్చిన రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అని ఇచ్చేది) ఈ రెండు సరస్సులకూ కలిపి 2020లో వచ్చింది. ఫొటో కోసం కారుని గడ్డిలోకి దింపారంటే మాత్రం ఊరుకోను!

లంకబ్బాయి:
దింపం లెండి. రాత్రికి అక్కడే ఉండొచ్చా?

రొయ్యలరైతు:
పక్కనే తుక్జే ఊరుంది. కానీ దిగిన రోజే ఎగేసుకుని పోకండి. లేహ్ 3,500 మీటర్లు, మన లంకలేమో సముద్రంతో సమానం. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేలా కనీసం రెండు రోజులు లేహ్‌లో ఆగాకే బయల్దేరండి. దారిలో తగ్‌లంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైమాటే. అక్కడ తలనొప్పి మొదలైతే టీ తాగుతూ కూర్చోకుండా కిందికి దిగిపోండి.