డీబగ్ ప్రింట్‌లో కొత్త ఫార్మాట్ చేరిస్తే టెస్ట్ కూడా అడగడం సబబేనా?

ఋషికొండ పెట్టె:

నేను విశాఖపట్నంలో, ఋషికొండ ఐటీ కొండ మీద ఉన్న ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. మరబోట్లలో ఇంజను వేడి, డీజిల్ మట్టం నమోదు చేసే ఒక పెట్టెను మేము తయారు చేస్తాము. అందులో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) నడుస్తుంది. ప్రతి సెన్సార్‌కు ఏడు బైట్ల గుర్తింపు ఉంటుంది. మొదటి మూడు బైట్లు తయారీదారు కోడ్, తక్కిన నాలుగు క్రమసంఖ్య. ఒక్కో డ్రైవర్ ఈ గుర్తింపును ఒక్కో రకంగా లాగ్‌లో రాస్తుండడంతో, లాగ్‌లో సందేశాలు రాసే ప్రింట్‌కె అనే కెర్నెల్ ఫంక్షన్‌లో, పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) తీసుకుని తరువాతి అక్షరాన్ని బట్టి అచ్చువేసే పర్సెంట్ పీ ఫార్మాట్‌కు మా బ్రాంచ్‌లో ఒక కొత్త అక్షరం చేర్చాను. ఇక ఏ డ్రైవర్ అయినా పాయింటర్ ఇస్తే చాలు, 10-20-30/16909060 అనే తీరులో అచ్చవుతుంది.

రివ్యూ చేసిన మా సీనియర్ గారు ప్యాచ్‌ను (నేను చేసిన మార్పును) వెనక్కి పంపి, టెస్ట్ లేనిదే మెర్జ్ చేయనన్నారు. నా ఫంక్షన్ పద్దెనిమిది లైన్లు, రాయబోయే టెస్ట్ నలభై లైన్లు దాటేలా ఉంది. డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌ను చూపే కమాండ్‌లో) మేము చదువుకోవడానికి తప్ప ఈ వరుస మరెందుకూ పనికిరాదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఉంటుంది కనుక, బోట్లన్నీ రేవులో కట్టి ఉండే ఆ రోజుల్లోనే మేము పెట్టెల్లో కొత్త కెర్నెల్ ఎక్కించాలి. గడువు దగ్గర పడుతోంది. ఇది అసలు కెర్నెల్‌లో ఉన్న నియమమా, మా సీనియర్ గారి సొంత పట్టుదలా? టెస్ట్ చేయడానికి వీలుపడని భాగం ఉంటే ఏం చేయాలి?

మద్దిలపాలెం:

నియమం మీ సీనియర్ గారి సొంతం కాదు. ప్రింట్‌కె ఫార్మాట్లను వివరించే కెర్నెల్ డాక్యుమెంటేషన్ పేజీలోనే, పర్సెంట్ పీకి కొత్త పొడిగింపు చేర్చేవారు వీలైతే ప్రింట్‌ఎఫ్ టెస్ట్‌లో ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ కేసులు చేర్చాలన్న విన్నపం ఉంది. ఆ టెస్ట్ మొదట విడి మాడ్యూల్‌గా ఉండేది, 2025లో కేయూనిట్ అనే, కెర్నెల్ సొంత టెస్ట్ పద్ధతికి మారింది.

కారణం కంపైలర్ దగ్గర ఉంది. పూర్ణాంకాన్ని అచ్చువేసే పర్సెంట్ డీకి పొరపాటున స్ట్రింగ్ ఇస్తే జీసీసీ కంపైలర్ వెంటనే హెచ్చరిస్తుంది. పర్సెంట్ పీ తరువాత వచ్చే అక్షరాల సంగతి మాత్రం దానికి తెలియదు. అది పాయింటర్ వరకే చూసి ఊరుకుంటుంది. మీ అక్షరం ఏం చేయాలో, ఏం చేస్తోందో పోల్చి చూసే యంత్రం మరొకటి లేదు కాబట్టి ఆ పని టెస్ట్‌కు అప్పగించారు.

నలభై లైన్లన్నది మాత్రం నాకు నమ్మశక్యంగా లేదు. రావలసిన స్ట్రింగ్, ఫార్మాట్, విలువ కలిపి ఒక్క లైను రాస్తే, ఆ టెస్ట్ దాన్ని నాలుగు రకాలుగా నడుపుతుంది: పూర్తి బఫర్‌తో (ఫలితం రాసే మెమరీ జాగాతో) ఒకసారి, యాదృచ్ఛికంగా ఎంచుకున్న చిన్న కొలతతో ఒకసారి, సున్నా కొలతతో ఒకసారి, చివరగా కావలసినంత మెమరీని తానే తీసుకునే కెవీఏఎస్‌ప్రింట్‌ఎఫ్ ద్వారా ఒకసారి. నడిపే ముందు బఫర్‌ను, దానికి అటూ ఇటూ ఉన్న కాస్త ఖాళీని డాలర్ గుర్తులతో నింపుతుంది. పని అయ్యాక, ఎక్కడ చెదరకూడదో అక్కడ ఒక్క డాలర్ గుర్తు చెదిరినా తప్పు అని చెబుతుంది. బఫర్ చాలకపోయినా, చాలి ఉంటే ఎంత పొడవు వచ్చేదో ఆ సంఖ్యనే ఫంక్షన్ తిరిగి ఇవ్వాలి కనుక అదీ సరిచూస్తుంది. ఈ సరంజామా అంతా సిద్ధంగా ఉండగా మీరు రాయవలసింది నాలుగైదు లైన్లే.

ఒక మాట. క్రమసంఖ్యను పూర్ణాంకంగా కాక నాలుగు బైట్ల వరుసగా టెస్ట్‌కు ఇవ్వండి. 01, 02, 03, 04 ఇస్తే 16909060 రావాలి. 67305985 వచ్చిందంటే బైట్లు తలకిందులుగా చదివినట్టు. మీ ఆర్మ్ బోర్డు, మీ కంప్యూటర్ రెండూ లిటిల్ ఎండియనే (సంఖ్యలోని చివరి బైటును ముందు పెట్టే రకమే) అయి ఉంటాయి కనుక, వేరే యంత్రాలను అనుకరించే క్యూఈఎంయూ మీద, బైట్ల క్రమం దీనికి ఎదురుగా ఉండే ఎస్390లో కూడా ఒకసారి నడిపితే మంచిది. అలాగే ఫంక్షన్‌లో మీరు స్వయంగా ఒక్కో అక్షరం రాసే ప్రతి చోటా బఫర్ చివర దాటలేదని చూసుకున్నారో లేదో ఒకసారి పరిశీలించండి.

సీతమ్మధార:

పై సలహాతో నాకు సగమే ఏకీభావం. మొదటి ప్రశ్న టెస్ట్ గురించి కాదు, ఆ కొత్త అక్షరం అవసరమా అని అడగాలి. చిన్న బఫర్‌ను హెక్స్‌లో (పదహారు అంకెల పద్ధతిలో), నడుమ హైఫన్లతో అచ్చువేసే అక్షరాలు పర్సెంట్ పీలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మీ బ్రాంచ్‌లో మీరు పెట్టుకున్న అక్షరాన్నే రేపు అసలు కెర్నెల్‌లో మరొకరు మరో పనికి తీసుకుంటే, కొత్త వెర్షన్‌కు మారే రోజున మీ డ్రైవర్లన్నీ వెతుక్కోవాలి.

రెండోది, వీలైతే అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఫంక్షన్ పేరు అచ్చువేసే ఫార్మాట్‌కు ఆ టెస్ట్ ఫైలులో చాలా ఏళ్ల పాటు ఖాళీ ఫంక్షన్ మాత్రమే ఉండేది. పేరు, ఫంక్షన్ మొదలు నుంచి దూరం, దాని పరిమాణం బిల్డ్ బిల్డ్‌కూ మారిపోయేటప్పుడు దేనితో పోలుస్తారు? మామూలు పర్సెంట్ పీ కూడా 4.15 వెర్షన్ నుంచి అసలు అడ్రస్‌కు బదులు, బూట్ చేసినప్పుడల్లా మారే హాష్‌ను (అడ్రస్ నుంచి లెక్కకట్టిన మారు సంఖ్యను) చూపిస్తుంది. అక్కడ రావలసిన స్ట్రింగ్ ముందుగా రాయలేరు కాబట్టి, 64 బిట్ల యంత్రంలో పై సగం సున్నాలేనా, అసలు అడ్రస్ బయటపడలేదు కదా అన్న రెండు లక్షణాలనే టెస్ట్ చూస్తుంది. వీలుపడని భాగం గురించి మీరు అడిగిన దానికి నా జవాబు ఇదే: స్ట్రింగ్ పోల్చలేనప్పుడు లక్షణం పోల్చండి, అదీ కుదరకపోతే ఎందుకు కుదరలేదో ప్యాచ్ వివరణలో రెండు వాక్యాలు రాయండి.

నేను వ్యతిరేకించేది మరొకటి ఉంది. ఫార్మాటర్‌కు టెస్ట్ అడగడం న్యాయమే, ఎందుకంటే దాన్ని వందల చోట్ల వాడతారు. అదే ఊపులో డ్రైవర్ రాసే ప్రతి డీబగ్ వాక్యానికీ టెస్ట్ అడిగే టీములను చూశాను. నేనున్న ఒక టీములో ఒక కామా సరిచేసినందుకు పదకొండు టెస్టులు విఫలమయ్యాయి. తరువాతి నెలలో వాటన్నిటినీ తీసేశాము.

హార్బర్ సర్వీసు:

నేను కెర్నెల్ రాసేవాణ్ణి కాదు, ఫిషింగ్ హార్బర్‌లో ఇలాంటి పెట్టెలు బిగించి, పాడైతే విప్పే పని చేస్తాను. ఆ వరుస మేము చదువుకోవడానికే కదా అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. సరంగు వచ్చి పెట్టె చేతికిచ్చినప్పుడు సముద్రంలో ఏం జరిగిందో చెప్పేది ఆ లాగ్ ఒక్కటే.

గతంలో నేను పని చేసిన చోట, ఐపీ అడ్రస్ అచ్చువేసే వరుసలో ఎవరో పెద్ద అక్షరం ఐకి బదులు చిన్న ఐ పెట్టారు. అప్పటి నుంచి 192.168.1.5 కాస్తా 192.168.001.005 అని పడడం మొదలైంది. మా ల్యాప్‌టాప్‌లోని స్క్రిప్ట్ పాత రూపాన్నే వెతికేది. అది దొరకక లింకు లేదని చెప్పింది. మేము బాగున్న మోడెములు మూడు మార్చాక గానీ అసలు లాగ్ తెరిచి చదవలేదు. ఫార్మాటర్‌లో తప్పేమీ లేదు కనుక ఏ టెస్టూ దాన్ని పట్టేది కాదని నాకు తరువాత చెప్పారు. నిజమే కావచ్చు. కానీ ఆ టెస్ట్ ఫైలులో 127.000.000.001, 127.0.0.1 ఒకే లైనులో పక్కపక్కన ఉన్నాయని కూడా వారే చూపించారు. మార్చిన వ్యక్తి ఆ లైను చదివి ఉంటే రెండు అక్షరాలకూ తేడా తెలిసేది.

ఋషికొండ పెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. సీతమ్మధార గారూ, హెక్స్ భాగానికి మీరు చెప్పిన అక్షరమే సరిపోతుంది. పెట్టె మీద అంటించే స్టిక్కర్‌లో క్రమసంఖ్య దశాంశంలో ఉంటుంది. రేవులో లాగ్‌ను స్టిక్కర్‌తో పోల్చి చూసేవారికి హెక్స్ పనికిరాదు కనుక కొత్త అక్షరం ఉంచక తప్పలేదు.

నిన్న రాత్రి ఐదు లైన్ల టెస్ట్ రాసి కేయూనిట్‌లో, నా కంప్యూటర్ మీదే, కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రాంలా నడిపే యూజర్ మోడ్ లినక్స్‌గా నడిపాను. పూర్తి బఫర్ కేసు దాటింది. సున్నా కొలత దగ్గర బఫర్‌లో ఏదో రాసినట్టు తప్పు చూపించింది. డాలర్ గుర్తుల నడుమ తొమ్మిదో స్థానంలో ఒక స్లాష్ కూర్చుని ఉంది. హెక్స్, దశాంశ భాగాలను కెర్నెల్‌లోని సహాయక ఫంక్షన్లతో రాసి, నడుమ స్లాష్‌ను మాత్రం నేనే నేరుగా రాశాను. బఫర్ చివర దాటలేదు కదా అన్న షరతు అక్కడ మరిచిపోయాను. మద్దిలపాలెం గారు సరిగ్గా అక్కడే చూడమన్నారు.

ఆ వెంటనే కెవీఏఎస్‌ప్రింట్‌ఎఫ్ దగ్గర కెర్నెల్ కూలిపోయింది. పొడవు తెలుసుకోవడానికి అది మొదట శూన్య పాయింటర్‌తో, సున్నా కొలతతో పిలుస్తుంది. నా స్లాష్ వెళ్లి ఎనిమిదో అడ్రస్ మీద పడింది. బోటు నడిసముద్రంలో ఉండగా, మరేదో లోపాన్ని లాగ్‌లో రాయబోయి పెట్టెయే ఆగిపోయే ప్రమాదం ఉండేది.

షరతు చేర్చాక నాలుగు రకాలూ దాటాయి. ఎస్390 మీద కూడా 16909060 వచ్చింది. ప్యాచ్ రెండో వెర్షన్‌ను ఈ ఉదయం మా సీనియర్ గారికి పంపాను. తయారీదారు కోడ్ తెలియని సెన్సార్‌కు ఏం అచ్చువేయాలో టెస్ట్‌లో లేదని ఆయన అడిగారు. ఆ కేసు గురించి నేను ఇంతవరకు ఆలోచించలేదు కనుక మధ్యాహ్నం దాని మీద కూర్చుంటాను.